కరెంటు తీసే ముందు కాగితం ఇవ్వండి

తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి చైర్మన్ గారికి, సభ్యులకు నమస్కారం.

ఒక మండల కేంద్రంలో చిన్న నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. జిరాక్సులు, హాల్ టికెట్లు, ఉద్యోగాల అప్లికేషన్లు, వాటి మధ్యలో రోజూ కరెంటు బిల్లులు కడుతుంటాను. ఫోన్లో కట్టుకోవడం వచ్చినవాళ్లు నా దగ్గరికి రారు. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్లు వస్తారు, ఖాతాలో డబ్బులు నిలవక చేతిలో నోట్లు మడిచి పట్టుకొచ్చేవాళ్లు వస్తారు. ఈ రెండో రకం వాళ్ల గురించే ఈ లేఖ.

మీరు ఏటా చార్జీల మీద బహిరంగ విచారణ పెడతారు. పరిశ్రమల వాళ్లు వస్తారు, రైతు సంఘాలు వస్తాయి, లెక్కలు బాగా తెలిసిన పెద్దలు వచ్చి డిస్కంలను, అంటే కరెంటు పంపిణీ సంస్థలను, నిలదీస్తారు. మంచిదే. బిల్లు కట్టలేక ఫ్యూజు పోయిన ఇల్లాలు మాత్రం ఆ మైకు దగ్గరికి రాదు. ఊరందరి ముందు బాకీ సంగతి ఎవరు చెప్పుకుంటారు?

మా వీధిలో ఒకామె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. భర్త హమాలీ. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమనే గృహజ్యోతి పథకం వచ్చిన దగ్గర్నుంచి వాళ్లకు జీరో బిల్లే. మే నెలలో కూలర్ రాత్రీ పగలూ తిరిగింది, 212 యూనిట్లు కాలింది. 200 దాటింది కాబట్టి జీరో పోయింది. దాటిన 12 యూనిట్లకు బిల్లు వస్తుందనుకుంది ఆమె. మొత్తం 212 యూనిట్లకూ వచ్చింది. మొదటి 200 యూనిట్లకు 5.10 రూపాయల చొప్పున 1,020, మిగతా 12 యూనిట్లకు 7.70 చొప్పున 92 రూపాయల 40 పైసలు. కరెంటు చార్జీలే 1,112 దాటాయి. దాని మీద ఫిక్స్‌డ్ చార్జి, కస్టమర్ చార్జి, యూనిట్‌కు ఆరు పైసల సుంకం.

ఇక్కడ కాసేపు ఆగి మీ స్లాబుల గురించి మాట్లాడాలి, ఎందుకంటే సగం బాకీలు పుట్టేది ఇక్కడే. 2022 ఏప్రిల్ నుంచి అమలైన టారిఫ్ తీసుకోండి. నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80, మొత్తం 820 రూపాయలు. 201 కాలిస్తే ఇల్లు వేరే గ్రూపులో పడుతుంది, మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది, 1,027 రూపాయల 70 పైసలు అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. ఇది మామూలు వినియోగదారుడి సంగతి. గృహజ్యోతి కుటుంబానికైతే ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి దాటుతుంది. సబ్సిడీ ఇచ్చేది ప్రభుత్వం, 200 గీత గీసింది ప్రభుత్వం, అది మీ చేతిలో లేదని నాకు తెలుసు. స్లాబులు ఖరారు చేసేది మాత్రం మీరే. గీత దాటినంత మేరకే ఎక్కువ రేటు పడేలా స్లాబు పెడితే ఈ దెబ్బ ఇంత గట్టిగా తగలదు. 200 దాటినవాడు డబ్బున్నవాడే అనుకుంటే పొరపాటు. రేకుల ఇంట్లో మే నెల ఎలా ఉంటుందో, ఆ ఎండకు పాత కూలర్ ఎంత కరెంటు తాగుతుందో ఒక్కసారి వచ్చి చూడండి.

ఆమె ఆ బిల్లు జూన్‌లో కట్టలేదు. జూన్ అంటే బడులు తెరిచే నెల. పుస్తకాలు, బ్యాగు, బూట్లు, ఆటో ఫీజు.

బిల్లు కట్టలేని ఇంట్లో కరెంటు బిల్లు ఒక్కటే ఆగదు, అన్నీ కలిసే మీద పడతాయి. ఉన్న డబ్బుతో ముందు ఎవరి నోరు మూయించాలన్నదే లెక్క. ఇంటి ఓనరు పై అంతస్తులోనే ఉంటాడు, ఐదో తారీఖు దాటితే మెట్లు దిగుతాడు. గ్రూపు లోను కిస్తీ ఒకరు ఎగ్గొడితే మిగతా ఆడవాళ్లు వచ్చి వాకిట్లో కూర్చుంటారు. బండి ఈఎంఐ రోజున ఖాతా ఖాళీగా ఉంటే బ్యాంకు ఒక బౌన్స్ చార్జి, ఫైనాన్స్ కంపెనీ ఇంకో చార్జి వేస్తాయి. గ్యాస్ బండ డబ్బిస్తేనే దిగుతుంది. ఫోన్ రీచార్జి లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఈ రోజుల్లో ఏ పనీ కాదు. ఇవన్నీ పోను మిగిలేది కరెంటు బిల్లు. గడువు దాటిన మర్నాడు కూడా లైటు వెలుగుతుంది కాబట్టి అది వెనక్కి పోతూ ఉంటుంది. బాధ్యత లేక కాదండీ, ఆ వరసలో కరెంటు వాళ్లే అందరికంటే మెత్తగా కనిపిస్తారు కాబట్టి. ఆ మెత్తదనం ఏ రోజు దాకా ఉంటుందో మాత్రం ఆ ఇంటికి ఎవరూ చెప్పరు.

అలా చెప్పాలని చట్టంలోనే ఉంది. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56. బాకీ ఉన్న ఇంటికి కరెంటు తీసే ముందు కనీసం 15 పూర్తి రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. డిస్కం వాళ్లనడిగితే బిల్లే నోటీసు అంటారు. ఆ బిల్లు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. వేలెడంత వెడల్పు కాగితం, పొట్టి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల వరస, ఎక్కడో ఒక మూల చివరి తేదీ. రీడింగ్ తీసే అబ్బాయి దాన్ని గేటు సందులో పెట్టి పోతాడు. వేడికి చెరిగిపోయే కాగితం అది, వంటింట్లో డబ్బా కింద పెడితే నెల తిరిగేసరికి తెల్లగా అవుతుంది. నా దగ్గరికి అలాంటి తెల్ల కాగితాలు పట్టుకొచ్చి "నంబరు కనిపిస్తలేదు, జర చూడన్నా" అనేవాళ్లు ఎంతమందో. పాత రసీదు వెతికి సర్వీసు నంబరు కొట్టి చూడాల్సిందే. కాల్చిన కరెంటుకు నెలకోసారి ఇచ్చే లెక్క కాగితాన్నే, కరెంటు తీసేస్తామని చేసే హెచ్చరిక కింద కూడా జమ కట్టడం చట్టం అక్షరాలకు సరిపోతే సరిపోవచ్చు, దాని ఉద్దేశానికి సరిపోదు.

ఎస్ఎంఎస్ పంపుతున్నాం కదా అనొచ్చు. 2022లో దేశమంతా ఒక దొంగ మెసేజ్ తిరిగింది, మీకు గుర్తుండే ఉంటుంది. 'మీ కరెంటు ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కట్ అవుతుంది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని. చేసినవాళ్ల ఖాతాలు ఖాళీ అయ్యాయి. అప్పటి నుంచి మేమే అందరికీ చెబుతున్నాం, కరెంటు కట్ అని మెసేజ్ వస్తే నమ్మకండి, లింకు నొక్కకండి అని. ఇప్పుడు అసలు మెసేజ్ వచ్చినా చూసి పక్కన పడేస్తున్నారు. తప్పు వాళ్లదెలా అవుతుంది?

కాబట్టి మొదట అడిగేది ఇదే. బాకీ పడిన ఇంటికి బిల్లుతో సంబంధం లేని విడి నోటీసు, తెలుగులో, ఉర్దూ చదివే ఇంటికి ఉర్దూలో, మనిషి చేతికి ఇచ్చి సంతకం తీసుకోవాలి. అందులో ఎంత బాకీ, ఏ తేదీన తీస్తారు, వాయిదా కావాలంటే ఎవరిని కలవాలి, బిల్లు తప్పనిపిస్తే ఎక్కడ చెప్పుకోవాలి అన్నవి ఉండాలి. చివరిది ముఖ్యం. బిల్లు మీద తగాదా ఉంటే, అడిగిన మొత్తంగానీ గత ఆరు నెలల సగటు లెక్కన వచ్చే మొత్తంగానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో జమ చేస్తే తగాదా తేలేదాకా కరెంటు తీయకూడదని అదే సెక్షన్ 56 చెబుతోంది. ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉందని, దాని పైన అంబుడ్స్‌మన్ ఉన్నారని కూడా చట్టంలో ఉంది. నా దుకాణానికి వచ్చేవాళ్లలో ఈ మాట విన్నవాళ్లు ఒక్కరు కూడా తగల్లేదు. మీటరు గిర్రున తిరిగి మూడింతల బిల్లు వచ్చినవాళ్లు కూడా ముందు అప్పు చేసి కట్టేస్తారు, తర్వాత ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

మళ్లీ ఆ టైలరమ్మ దగ్గరికి వస్తాను. శ్రావణమాసం మొదలైంది, ఊళ్లో పెళ్లిళ్లు, చేతినిండా బ్లౌజులు. అప్పుడొచ్చాడు లైన్‌మన్. అతన్ని నేను ఏమీ అనను. పొద్దున్నే కరెంటు తీయాల్సిన ఇళ్ల లిస్టు, డీసీ లిస్టు, చేతికిస్తారు, సాయంత్రం ఎన్ని కట్ చేశావని అడుగుతారు. "నా చేతుల ఏముందక్కా, లిస్టుల పేరొచ్చింది" అన్నాడట. ఫ్యూజు తీసి జేబులో వేసుకుని పోయాడు. ఆమె ఆరు వందలు తీసుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "సగం ఉన్నయన్నా, తీసుకుంటదా?" అని అడిగింది. కంప్యూటర్‌ని అడిగినట్టే అడిగింది. తీసుకోలేదు. మొత్తం కడితేనే పేజీ ముందుకు పోతుంది. ఆఫీసుకి వెళ్లి పార్ట్ పేమెంట్ అడగమన్నాను. పెద్ద సారు సంతకం కావాలన్నారు, సారు క్యాంపులో ఉన్నారు. గట్టిగా అడుగుదామంటే ఆమెకు ఇంకో భయం. ఇంట్లో కుట్టు మిషను ఉందని తెలిస్తే ఇంటి మీటరును కమర్షియల్ కేటగిరీకి మారుస్తారేమోనని. నోరు మూసుకుని వచ్చేసింది.

మిషనుకున్న మోటారు బెల్టు తీసేసి కాళ్లతో తొక్కింది. పగలు వాకిట్లో, వెలుతురున్నంతసేపు. హుక్కులు, కాజాలు రాత్రి కుట్టేది, అవి ఆగిపోయాయి. ఇవ్వాల్సిన రోజుకు ఇవ్వలేకపోయిన బ్లౌజుల వాళ్లు బట్ట వెనక్కి తీసుకుపోయారు. బాకీ కట్టడానికి ఆమెకున్న సంపాదన ఆ మిషనే, ఆ మిషను నడిచేది కరెంటుతోనే. చివరికి గిరిగిరి వాడి దగ్గర తీసుకుంది. వెయ్యి అంటే చేతికి తొమ్మిది వందలు ఇచ్చి, రోజూ కొంత చొప్పున వెయ్యీ వసూలు చేస్తాడు. బిల్లు బాకీ, దాని మీద సర్‌చార్జి, మళ్లీ కలిపినందుకు రీకనెక్షన్ చార్జి, వాటన్నిటి మీద గిరిగిరి. ఈ లెక్కలో మీ డిస్కంకు పోయింది ఏమీ లేదు. ఎందుకంటే ఆ ఇంటి డిపాజిట్ ముందే మీ దగ్గర ఉంది.

డిపాజిట్ సంగతి వేరుగా చెప్పాలి. ఇంటి కనెక్షన్ మీద రెండు నెలల వాడకానికి సరిపడా సొమ్ము సెక్యూరిటీ కింద ఉంచాలన్నది మీ నిబంధనే. అది చాలకపోతే ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ వేస్తారు. 2023 జనవరిలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఆ ఏసీడీ మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. ఆ సొమ్ము ఎందుకయ్యా అంటే బాకీ పడితే రాబట్టుకోవడానికి అంటారు. మరి బాకీ పడ్డ రోజున దాని ఊసెత్తరేం? బాకీ డిపాజిట్‌ను మించనంతవరకు ఫ్యూజు తీయకుండా, డిపాజిట్‌లోంచి సర్దుబాటు చేసి, ఆ లోటును నెలకింత అని బిల్లులో కలిపి తిరిగి పూడ్చుకోవచ్చు. డిస్కంకు ఒక్క రూపాయి నష్టం లేదు, లైన్‌మన్‌కు రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది.

వాయిదాలు సాధ్యం కావు, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు అన్న మాట కూడా విన్నాను. 2020లో లాక్‌డౌన్ నెలల్లో రీడింగులు తీయక, జూన్‌లో అన్ని నెలలకూ కలిపి బిల్లులు వచ్చి జనం గగ్గోలు పెట్టినప్పుడు ఇదే రాష్ట్రంలో మూడు వాయిదాల్లో కట్టుకునే వీలు ఇచ్చారు. అప్పుడు ఒప్పుకున్న సాఫ్ట్‌వేర్ ఇప్పుడెందుకు ఒప్పుకోదు? సారు సంతకం అక్కర్లేకుండా, నెట్ సెంటర్‌లోనో ఫోన్లోనో మూడో వంతు కడితే ఆ నెలకు ఫ్యూజు జోలికి రాకూడదని ఒక నియమం పెట్టండి. సెక్షన్ 50 కింద సరఫరా కోడ్ రాసేది మీరే. బిల్లుల వసూలు, కరెంటు తీయడం, తిరిగి కలపడం అన్నీ అందులోకే వస్తాయి. వాయిదా ఇప్పుడు కూడా దొరుకుతుంది, కాదనను. కరెంటు ఆఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)తో పరిచయం ఉన్నవాడికి, వార్డు మెంబరుతో ఫోన్ చేయించుకున్నవాడికి దొరుకుతుంది.

బాకీల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఇంకొకటి. 2023 డిసెంబరులో శాసనసభలో పెట్టిన విద్యుత్ శ్వేతపత్రం ప్రకారం ప్రభుత్వ శాఖలే డిస్కంలకు 28 వేల కోట్ల రూపాయలకు పైగా బాకీ. ఆసుపత్రికి, తాగునీళ్ల మోటారుకు కరెంటు తీయమని ఎవరూ అనరు. కానీ వేల కోట్లున్న చోట ఉత్తరాలు రాస్తూ ఓపిక పట్టే సంస్థ, పన్నెండు వందల దగ్గర పొద్దున లిస్టు వేసి మధ్యాహ్నానికి నిచ్చెన వేస్తుంటే జనం ఏమనుకోవాలి?

అప్పులిచ్చేవాళ్లకు కూడా ఈ దేశంలో కొన్ని హద్దులున్నాయి. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్లు చేయించకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. జరిమానాను అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ గుంజొద్దని 2023లో చెప్పింది. అందరూ పాటిస్తున్నారని నేననను. కనీసం రాసిపెట్టి ఉంది, చూపించి అడగొచ్చు. కరెంటు తీయడానికి అలాంటి హద్దు ఒకటి మీరు రాయండి. శనివారం సాయంత్రం తీస్తే సోమవారం దాకా అడిగే దిక్కుండదు. సాయంత్రాలు, సెలవుకు ముందు రోజు, పండగ రోజు, పరీక్షల రోజుల్లో తీయకూడదు. ఇంట్లో ఆక్సిజన్ మిషను మీద ఉన్న మనిషి ఉంటే అసలు తీయకూడదు. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజు కూడా.

అద్దె ఇళ్ల వాళ్ల బాధ ఇంకో రకం. నాలుగు పోర్షన్లకు ఒకే మీటరు, లోపల సబ్ మీటర్లు, యూనిట్‌కు ఓనరు చెప్పిన రేటు. వీళ్లు నెలనెలా ఓనరు చేతిలో పెడతారు, అతను కట్టడు, ఫ్యూజు నలుగురికీ పోతుంది. బిల్లు వాళ్ల పేరు మీద లేదు కాబట్టి ఆఫీసులో వాళ్ల మాట చెల్లదు. అద్దెకు ఉంటున్నవాడి పేరు మీద కనెక్షన్ ఇవ్వడానికి ఓనరు సంతకమే అడ్డు కాకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కింద సెక్షన్ ఆఫీసు దాకా ఆ మాట చేరేలా ఒక సర్క్యులర్ ఇప్పించండి.

ఇక ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు. రేపో మాపో ఇళ్లకు కూడా వస్తాయంటున్నారు. అవి వస్తే లైన్‌మన్ కూడా రాడు, బ్యాలెన్స్ సున్నా కాగానే కరెంటు పోతుంది. 15 రోజుల నోటీసు అప్పుడు ఏమవుతుంది? ప్రీపెయిడ్ మీటరుకు డిపాజిట్ తీసుకోకూడదని చట్టంలోనే ఉంది, సెక్షన్ 47లో. ఇన్నాళ్లు ఉంచుకున్న డిపాజిట్‌ను బ్యాలెన్స్‌గా మార్చి ఇస్తారా? బ్యాలెన్స్ అయిపోయాక కూడా ఒక ఫ్యాను, రెండు లైట్లు నడిచే పాటి కరెంటు కొన్ని రోజులు ఇవ్వడానికి ఆ మీటర్లలో వీలుందా, ఉంటే ఇస్తారా? మీటర్లు గోడకు ఎక్కాక అడిగితే లాభం లేదు కాబట్టి ఇప్పుడే అడుగుతున్నాను.

ఉచితంగా ఇవ్వమని ఈ లేఖలో ఎక్కడా అడగలేదు. ఆ టైలరమ్మ బాకీ పైసలతో సహా కట్టింది, ఆలస్యంగా, సర్‌చార్జితో. ఆమెలాంటి వాళ్లు ఎగ్గొట్టరు. ఎగ్గొట్టేవాళ్లు నా నెట్ సెంటర్‌కు ఆరు వందలు పట్టుకుని పరుగెత్తుకు రారు.

ఈ లేఖను వచ్చే టారిఫ్ విచారణలో అభ్యంతరంగా నమోదు చేసుకోవాలని మనవి. డిస్కంలు దీనికి జవాబిస్తే, 'నిబంధనల ప్రకారమే జరుగుతోంది' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, గత ఏడాది బాకీ కింద ఎన్ని ఇళ్లకు కరెంటు తీశారు, వాటిలో ఎన్నింటి బాకీ ఆ ఇంటి డిపాజిట్ కంటే తక్కువ, ఎన్నింటికి విడిగా నోటీసు ఇచ్చారు అన్న మూడు అంకెలు తెప్పించండి. జవాబు తెలుగులో పంపితే ప్రింటు తీసి దుకాణం గోడకు అంటిస్తాను, బిల్లు కట్టడానికి వచ్చినవాళ్లు చదువుకుంటారు.

ఇట్లు,
ఒక గృహ విద్యుత్ వినియోగదారుడు